న్యాయపీఠము దిగి ఎన్నికకు నిలిచిన కోకా సుబ్బారావుగారు

శంషాబాదు విమానాశ్రయము నుండి పరదేశములకు పోవు ప్రతివారి చేతిలోను ఒక చిన్న పుస్తకము కనబడును. అది పాసుపోర్టు. ఆ పుస్తకమును ప్రభుత్వము తనకు దయ కలిగినప్పుడు ఇచ్చి, దయ తప్పినప్పుడు లాగుకొనుటకు వీలులేదనియు, దేశము దాటి పోవుట పౌరుని వ్యక్తి స్వాతంత్ర్యములోని భాగమనియు, చట్టము లేకుండ దానిని ఎవరును అడ్డగింపరాదనియు 1967 ఏప్రిల్ 10వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ తీర్పు వెలువరించిన ప్రధాన న్యాయమూర్తి తెలుగువారు. మరునాడే ఆయన పదవిని విడిచి, రాష్ట్రపతి పదవికి అభ్యర్థిగా నిలిచిరి. నిలిచి ఓడిపోయిరి. ఆయనయే శ్రీ కోకా సుబ్బారావుగారు.

గెలిచినవారి చరిత్రలను వ్రాయువారు అనేకులు గలరు. ఓడిన అభ్యర్థి పేరు లెక్కింపు ముగిసిన నాటితోనే మరుగుపడును. సుబ్బారావుగారు జీవితమున ఒక్కసారియే ఓట్లు కోరిరి. ఆయన ఏ పక్షమునకును చెందినవారు కారు. అయినను ఆయన ఓటమిని, దానికి పూర్వము ఆయన చేసిన పనిని, రెంటిని కలిపి చూచిననే గాని ఆ జీవితము అర్థము కాదు.

సుబ్బారావుగారు 1902వ సంవత్సరము జూలై 15వ తేదీన గోదావరీ తీరమందలి రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రిగారు న్యాయవాది. స్వస్థలములోని ప్రభుత్వ కళాశాలలో పట్టము పొంది, మద్రాసు లా కళాశాలలో న్యాయశాస్త్రము చదివిరి. పిమ్మట మద్రాసులో తమ మామగారైన వెంకటరమణరావు నాయుడుగారి వద్ద వృత్తి నేర్చుకొనిరి. కొలది మాసములు బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేసిరి గాని, ఆ యుద్యోగములో నిలువక మరల మద్రాసు చేరిరి. మామగారు హైకోర్టు న్యాయమూర్తి అయిన పిదప, బావమరది పాకాల వెంకట రాజమన్నారుగారితో కలిసి వకీలు వృత్తి సాగించిరి. ఆ రాజమన్నారుగారే తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తియై, తెలుగు నాటకకర్తగా కూడ పేరు గడించిరి.

1948లో సుబ్బారావుగారు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి పదవిని పొందిరి. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడెను. దానికి హైకోర్టు గుంటూరులో నెలకొల్పవలసి వచ్చినప్పుడు ఆ కార్యభారమును ఆయనకే అప్పగించిరి. 1954 జూలైలో ఆ న్యాయస్థానము ప్రారంభమయ్యెను. ఆయనయే దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు హైకోర్టు హైదరాబాదునకు, మూసీనది యొడ్డున 1920లో ప్రారంభోత్సవము జరిగిన భవనమునకు మారెను. అచటను ఆయనయే మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1958 జనవరి 31వ తేదీన సుప్రీంకోర్టునకు వెళ్లిరి. 1966 జూన్ 30వ తేదీన భారతదేశపు తొమ్మిదవ ప్రధాన న్యాయమూర్తి అయిరి.

పదవుల పట్టికతో మనుష్యుని కొలువరాదు. ఆయన స్వభావము తెలియవలెనన్న, 1962 డిసెంబరులో తీర్పైన ఖరక్‌సింగు వ్యాజ్యమును చూడవలెను. ఉత్తరప్రదేశమున ఖరక్‌సింగు అను నతనిపై దోపిడి నేరము మోపి, సాక్ష్యము లేక విడిచిపెట్టిరి. విడిచిన పిదప పోలీసులు అతని పేర హిస్టరీ షీటు తెరచిరి. రాత్రివేళ గ్రామ కావలికారులు, కానిస్టేబుళ్లు వచ్చి తలుపు తట్టుట, నిదుర లేపుట, ఊరు విడిచి పోవునపుడెల్ల ఎచటికి పోవుచున్నాడో చెప్పుమనుట నిత్యకృత్యమయ్యెను. ఆరుగురు న్యాయమూర్తులు ఆ వ్యాజ్యమును విచారించిరి. రాత్రివేళ ఇంటిపై పడుట తప్పని అందరును అంగీకరించిరి. కాని కనిపెట్టి చూచుట, రాకపోకలను గుర్తించుట తప్పు కాదని నలుగురు పలికిరి. సుబ్బారావుగారును, జె. సి. షాగారును అందుకు సమ్మతింపలేదు. ఎల్లవేళల వెనుక నొక కన్ను వెంటాడుచుండగా నడచు మనుజుడు స్వేచ్ఛగా నడచువాడు కాడనియు, ఏకాంతము స్వాతంత్ర్యములోని ముఖ్యాంశమనియు ఆయన తలంచిరి. ఆ అభిప్రాయము ఇరువురిదే గనుక నాడు చెల్లలేదు.

మహాభారతమున ద్యూతసభలో వికర్ణుడు లేచి ద్రౌపది పక్షమున ధర్మము చెప్పెను. సభ అతనిని లెక్కింపలేదు. కర్ణుడు అతనిని బాలుడని త్రోసిపుచ్చెను. అయినను ఆ ఘట్టము చదువువారు ఊరకుండిన పెద్దలకంటె లేచి నిలిచిన వికర్ణునే మెచ్చుకొందురు. న్యాయస్థానములలో భిన్నాభిప్రాయము వ్రాయు న్యాయమూర్తి స్థితియు అట్టిదే.

భూమి విషయములో సుబ్బారావుగారి తీర్పులపై గొప్ప వివాదము కలదు. 1964లో మద్రాసు ప్రాంతమున గృహనిర్మాణ పథకములకై ప్రభుత్వము భూములు తీసికొనిన వ్యాజ్యములో, నష్టపరిహారమనగా పోయిన భూమికి న్యాయముగ సరితూగు విలువయే గాని, ప్రభుత్వము తోచినంత విదిలించు సొమ్ము కాదని ఆయన నిర్ణయించిరి. విమానాశ్రయము సుమారు 5,500 ఎకరముల మీద వెలసిన ఈ ప్రాంతమువారికి ఆ మాట బరువు వేరుగ చెప్పనక్కరలేదు.

1967 ఫిబ్రవరి 27వ తేదీన గోలక్‌నాథ్ వ్యాజ్యము తీర్పయ్యెను. పంజాబులో జలంధరు ప్రాంతమున ఐదువందల ఎకరములకు మించిన భూమి గల కుటుంబమది. మనిషికి ముప్పది ఎకరములకు మించి యుంచుకొనరాదని భూపరిమితి చట్టము శాసింపగా వారు సుప్రీంకోర్టునకు పోయిరి. పదునొకండుగురు న్యాయమూర్తులలో ఆరుగురు ఒకవైపు, ఐదుగురు మరియొకవైపు నిలిచిరి. ప్రాథమిక హక్కులను తగ్గించుటకుగాని, తొలగించుటకుగాని పార్లమెంటునకు అధికారము లేదని సుబ్బారావుగారు ఆరుగురి పక్షమున తీర్పు చెప్పిరి. అయితే ఆ సూత్రము ఇకముందునకే వర్తించుననియు, వెనుకటి సవరణలు చెల్లుననియు నిర్ణయించినందున గోలక్‌నాథ్ కుటుంబమునకు భూమి తిరిగి రాలేదు. దేశమున అంతవరకు జరిగిన భూసంస్కరణలును చెదరలేదు.

ఈ తీర్పును కొందరు పౌరహక్కులకు కోటగోడయని పొగడిరి. భూమి లేని పేదవాని ఆశలకు అడ్డుగోడయని మరికొందరు నిందించిరి. రెండు మాటలలోను కొంత సత్యము కలదు. పదియెకరములు కూడ లేని రైతునకు ఆస్తిహక్కు రక్షణయే. వేల యెకరముల దొరకును అదియే రక్షణ. హక్కు ఒక్కటే యైనను, దాని నీడన చేరువారు వేరు వేరు.

ఆ తీర్పు వెలువడిన దినములలోనే దేశ రాజకీయము మారెను. 1967 సాధారణ ఎన్నికలలో కాంగ్రెసునకు లోక్‌సభలో 520 స్థానములకు 283 మాత్రమే దక్కెను. పెక్కు రాష్ట్రములలో ఆ పక్షము అధికారము కోల్పోయెను. స్వతంత్ర పార్టీ 44 స్థానములతోను, జనసంఘము 35 స్థానములతోను ముందుకు వచ్చెను. రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెసును ఎదిరింపగల సమయము వచ్చెనని ప్రతిపక్షములు తలంచి, ఏ పక్షపు మనిషియు కాని పెద్ద నొకనిని వెదకి సుబ్బారావుగారిని కోరినవి. ఆయన అంగీకరించిరి. అరువది యైదేండ్లు నిండి విశ్రాంతి పొందుటకు మూడు మాసములే గడువుండగా, 1967 ఏప్రిల్ 11వ తేదీన పీఠము దిగిరి.

ఆ యంగీకారము సరియైనదా కాదా యను ప్రశ్న ఆయనను విడువలేదు. ప్రభుత్వమునకును ప్రజలకును నడుమ తీర్పు చెప్పవలసిన ప్రధాన న్యాయమూర్తి, ఆ పీఠమున నుండగనే ప్రతిపక్షముల పిలుపునకు సమ్మతించుట తగునా యని న్యాయవాదులలో పలువురు ఆక్షేపించిరి. అడ్డగించు చట్టమేదియు లేదు. కాని చట్టమున నిషేధము లేనంత మాత్రమున లోకము నోరు మూయదు. నిన్నటి తీర్పులను నేటి అభ్యర్థిత్వముతో ముడిపెట్టి చూచువారికి ఆయనయే అవకాశ మిచ్చినట్లయ్యెను. ఆయన జీవితమున మచ్చ యని ఎన్నదగిన దేమైన నున్నచో అది ఇదియే.

కాంగ్రెసు అభ్యర్థి డాక్టరు జాకిర్ హుసేనుగారు. నాటికి ఉపరాష్ట్రపతి, విద్యావేత్త, సౌజన్యమూర్తి. ఆయన 1897లో హైదరాబాదు నగరముననే జన్మించిరి. ఈ విధముగ హైదరాబాదున పుట్టినవారికిని, హైదరాబాదు హైకోర్టునకు తొలి అధిపతిగా నుండినవారికిని పోటీ జరిగెను. నాటి నిబంధనల ప్రకారము ఒకరు ప్రతిపాదించి, మరియొకరు బలపరచినచో చాలును గనుక మొత్తము పదునేడుగురు బరిలో నిలిచిరి.

రాష్ట్రపతి ఎన్నిక లెక్క సామాన్యపు ఎన్నికల లెక్క వంటిది కాదు. ఓటు వేయువారు పార్లమెంటు సభ్యులును, శాసనసభ్యులును మాత్రమే. రాష్ట్ర జనాభాను శాసనసభ్యుల సంఖ్యచే భాగించి, వచ్చినదానిని మరల వేయిచే భాగింపగా ఒక్కొక్క శాసనసభ్యుని ఓటు విలువ తేలును. 1967లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుని ఓటు విలువ 125, ఉత్తరప్రదేశ్ సభ్యునిది 174, పార్లమెంటు సభ్యునిది 576. మే 6వ తేదీన పోలింగు జరిగెను. లెక్కింపులో జాకిర్ హుసేనుగారికి 4,71,244, సుబ్బారావుగారికి 3,63,971 వచ్చినవి. వ్యత్యాసము 1,07,273. తక్కిన పదునైదుగురికి కలిపి మూడువేలు కూడ రాలేదు. వారిలో తొమ్మండుగురికి సున్నయే. అంతకు ముందటి రాష్ట్రపతి ఎన్నికలలో ఇంత గట్టి పోటీ జరిగియుండలేదు. నూటికి నలువదిమూడు వంతుల విలువ తెచ్చుకొని ఓడుట చిన్న సంగతి కాదు.

రెండేండ్లకు, 1969లో, జాకిర్ హుసేనుగారు పదవిలో నుండగనే మరణించిరి. నాటి ఎన్నికలో స్వతంత్ర అభ్యర్థి వి. వి. గిరిగారు కాంగ్రెసు అభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారిని ఓడించిరి. సుబ్బారావుగారు మరల ఎన్నికల జోలికి పోలేదు. 1971లో రాజ్యాంగపు ఇరువదినాల్గవ సవరణ గోలక్‌నాథ్ తీర్పును దాటెను. 1973 ఏప్రిల్ 24వ తేదీన కేశవానంద భారతి వ్యాజ్యములో పదుమూగురు న్యాయమూర్తులు విచారించి గోలక్‌నాథ్ తీర్పును కొట్టివేసిరి. కాని రాజ్యాంగపు మౌలిక స్వరూపమును పార్లమెంటు మార్చరాదని ఏడుగురి మెజారిటీతో నిలిపిరి. దారి వేరైనను, పార్లమెంటు అధికారమునకు హద్దు కలదను సుబ్బారావుగారి మూలభావము అందు నిలిచెను. ఆస్తిహక్కు మాత్రము నలువదినాల్గవ సవరణచే 1979 జూన్‌లో ప్రాథమిక హక్కుల నుండి తొలగి, సామాన్య రాజ్యాంగ హక్కుగా మిగిలెను.

ఆయన కడపటి దినములు అత్యవసర పరిస్థితిలో గడచినవి. 1976 ఏప్రిల్ 28వ తేదీన, నిర్బంధములో నున్నవారు విడుదలకై కోర్టు తలుపు తట్టుటకు వీలులేదని సుప్రీంకోర్టులో నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి, హెచ్. ఆర్. ఖన్నాగారొక్కరే అడ్డు నిలిచిరి. అది జరిగిన ఎనిమిదవ దినమున, మే 6వ తేదీన, సుబ్బారావుగారు పరమపదించిరి. రాష్ట్రపతి ఎన్నిక జరిగిన తేదీయు అదియే. నడుమ తొమ్మిదేండ్లు గడచినవి.

తక్కిన కథ ఆయన లేని కాలమున జరిగెను. పాసుపోర్టు తీర్పు ఫలితముగ 1967 జూన్‌లోనే పార్లమెంటు పాసుపోర్టుల చట్టము చేసెను; నిరాకరించిన అధికారి కారణము వ్రాయవలెనని, అప్పీలు కలదని అందు నిబంధన లేర్పడెను. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరచినది మొదలు ఇచటి నుండి విదేశములకు పోవు కూలివాడును, కోటీశ్వరుడును ఆ చట్టము క్రిందనే పోవుచున్నారు. ఆధార్ వివాదమున 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగ ఏకాంతము ప్రాథమిక హక్కని నిర్ణయించి, ఖరక్‌సింగు వ్యాజ్యములో నాడు చెల్లని సుబ్బారావుగారి అభిప్రాయమే సరియైనదని అంగీకరించిరి. అప్పటికి అది వ్రాసి ఏబదినాలుగేండ్లు దాటెను.

పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు ఆయనను ఎన్నుకొనలేదు. గోలక్‌నాథ్ తీర్పును పిదపటి న్యాయస్థానము నిలుపలేదు. నలుగురి యెదుట ఇరువురై వ్రాసిన మాట మాత్రము నిలిచెను. గ్రంథాలయమునకు వచ్చు యువకులు రాజ్యాంగ గ్రంథమును చేతబట్టి ఇరువదియొకటవ అధికరణమును చదువుదురు గాక. అది ఒక్క వాక్యమే. ఆ వాక్యమునకు ఎంత అర్థము కలదో వెదకుటయందే సుబ్బారావుగారి జీవితమున మేలైన భాగము గడచెను.