శిశువుల తోటమాలి ఫ్రోబెల్

ప్రతి సంవత్సరము జూన్ మాసమున బడులు తెరవగనే మన పట్టణములలో మూడు నాలుగేండ్ల పసివాండ్రు సంచులు భుజమున వేసికొని కె.జి. తరగతులకు పోవుచుందురు. ఆ రెండక్షరములు కిండర్‌గార్టెన్ అను జర్మను మాటకు సంక్షేపము. శిశువుల తోట అని దాని అర్థము. ఆ మాటను కల్పించినవాడు ఫ్రీడ్రిఖ్ ఫ్రోబెల్. ఆయన పెట్టిన పేరు దేశదేశములందు నిలిచినది. కాని ఆ పేరుతో ఆయన ఉద్దేశించినది పుస్తకములతోను, పరీక్షలతోను పనిలేని ఆటపాటల నెలవు. అట్టి తోట ఆయన మనస్సున మొలకెత్తుటకు కారణము, లాలన ఎరుగని ఆయన బాల్యమే.

ఫ్రోబెల్ 1782 ఏప్రిల్ 21వ తేదీన జర్మనీ దేశమునందలి తురింగియా అటవీప్రాంతమున ఓబర్‌వైస్‌బాఖ్ అను గ్రామములో జన్మించెను. తండ్రి క్రైస్తవ మతగురువు. బిడ్డకు తొమ్మిది మాసములైనను నిండకమునుపే తల్లి మరణించినది. తండ్రికి తన విస్తారమైన మండలి పనులతో తీరికలేదు. సవతితల్లి మొదట ఆదరించినను, తనకొక బిడ్డ కలిగిన పిదప ఈ బాలుని దూరముగా ఉంచినది. మాటలాడువారు లేక, ఆడుకొనుటకు తోడులేక, ఆ పిల్లవాడు ఇంటి తోటలోని చెట్లను, పువ్వులను చూచుచు దినములు గడపెను. పదియేండ్ల వయస్సున మేనమామ తన యింటికి తీసికొనిపోయి ప్రేమతో పెంచిన తరువాతనే అతనికి తోడిపిల్లలతో ఆటలాడు భాగ్యము లభించినది.

యౌవనమున ఆయన బ్రతుకు ఒకచోట కుదురుకొనలేదు. పదునైదవ ఏట వనాధికారి యొకని యొద్ద పని నేర్చుకొనుటకు చేరి, అతడు నేర్పనిదానిని అడవినుండియే నేర్చుకొనెను. యేనా విశ్వవిద్యాలయమున చదువుచు, అప్పు తీర్పలేక తొమ్మిది వారములు అచటి చెరసాలలో ఉండవలసివచ్చెను. పిదప భూమి కొలుచు పని చేసెను, లెక్కలు వ్రాసెను. 1805లో గృహనిర్మాణ విద్య నభ్యసింపవలెనని ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు పోగా, గ్రూనర్ అను పాఠశాలాధిపతి ఆయనలోని గురువును కనిపెట్టి, తన బడిలో పని యిచ్చెను. తరగతిలో అడుగిడిననాడే ఆయనకు తన జీవితమార్గము దొరకినది. తరువాత 1808 మొదలు 1810 వరకు స్విట్జర్లాండులోని ఇవెర్డాన్‌లో సుప్రసిద్ధ విద్యావేత్త పెస్టలోజీ సన్నిధిని గడపెను. చూచి, తాకి నేర్చుకొనుటయే నిజమైన చదువని అక్కడ గ్రహించెను.

బెర్లిన్‌లో ఆయన ఖనిజశాస్త్రము నభ్యసించెను. స్ఫటికము తన లోపలి నియమము ననుసరించి రూపము దాల్చుట ఆయనను ముగ్ధుని చేసినది. రాతికి సైతము అట్టి నియమమున్నపుడు, శిశువునకు ఉండదా? ఈ భావమే ఆయన విద్యాసిద్ధాంతమునకు పునాది.

1813లో నెపోలియనుపై జరిగిన యుద్ధమున స్వచ్ఛందసైనికుడుగా చేరినపుడు లాంగెథాల్, మిడ్డెన్‌డార్ఫ్ అను ఇద్దరు స్నేహితులు లభించిరి. అన్న మరణించగా దిక్కులేని బిడ్డలకు చదువు చెప్పవలెనను సంకల్పముతో 1816లో గ్రీస్‌హైమున బడి ప్రారంభించి, మరుసటి సంవత్సరము దానిని కైల్‌హావు గ్రామమునకు మార్చెను. ఆ స్నేహితులును వచ్చి చేరిరి. బడి వృద్ధినొందినది. కాని స్వేచ్ఛాభావములు బోధించు చోటని పాలకులు అనుమానించుటచే విద్యార్థుల సంఖ్య క్షీణించెను. 1826లో ఆయన ప్రకటించిన ‘మానవ విద్య’ అను గ్రంథము భావగాంభీర్యము కలదే కాని, సులభముగా బోధపడునది కాదు. ఆయన భావములను లోకమునకు తేటపరచినవి గ్రంథములకంటె బొమ్మలే.

1835లో స్విట్జర్లాండునందలి బుర్గ్‌డార్ఫ్ అనాథశరణాలయమునకు అధిపతిగా ఉన్నపుడు, బడికి వచ్చు పిల్లలను చూచి, అంతకుముందటి సంవత్సరములు ఎట్లు వ్యర్థమైపోవుచున్నవో ఆయన తెలిసికొనెను. స్వదేశమునకు మరలివచ్చి, 1837లో బ్లాంకెన్‌బుర్గ్ పట్టణమున పసిపిల్లల కొరకు సంస్థ నెలకొల్పి, ఆటవస్తువులను తయారుచేయ నారంభించెను. వీనికి ఆయన కానుకలని పేరుపెట్టెను.

మొదటి కానుక రంగురంగుల నూలుతో అల్లిన ఆరు మెత్తని బంతులు. దారముతో బంతిని ఊగించుచు తల్లి దూరము, దగ్గర, పైన, క్రింద అను మాటలు పలుకగా, మాటయు భావమును ఒక్కసారియే శిశువునకు అబ్బును. రెండవదానిలో కొయ్యగోళము, ఘనము ఉండెను. ఒకటి దొరలును, మరియొకటి నిలుచును. మూడవది ఎనిమిది చిన్న ఘనములుగా విడదీయదగిన పెద్ద ఘనము. వానితో శిశువు కుర్చీ కట్టును, మెట్లు కట్టును, ముగ్గువంటి ఆకృతులు పేర్చును. పూర్ణమునుండి సగము, సగమునుండి పావు, పావునుండి అరపావు తన చేతితోనే కనుగొనును. ఏది కట్టినను ఎనిమిది ముక్కలను వినియోగింపవలెను. కట్టినదానిని కూలద్రోయక, దానినే మెల్లమెల్లగ మార్చి క్రొత్తది కట్టవలెను. దేనిని విడిచివేయరాదు, దేనిని ధ్వంసము చేయరాదు అను నీతి ఉపన్యాసము లేకయే అలవడునని ఆయన నమ్మకము. వీనికి తోడు కాగితములు మడచుట, అల్లుట, బంకమన్నుతో బొమ్మలు చేయుట, వలయముగా నిలిచి పాడుచు ఆడుట ఉండెను. ప్రతి పిల్లవానికి స్వంతముగా ఒక చిన్న మడి, అందరికి ఉమ్మడిగా ఒక మడి ఉండెడివి.

ఈ సంస్థకు తగిన పేరు చాలకాలము దొరకలేదు. 1840లో స్నేహితులతో కొండదారిని నడచిపోవుచుండగా ఆయనకు కిండర్‌గార్టెన్ అను పేరు స్ఫురించినది. ఆ సంవత్సరము జూన్ 28వ తేదీన, అచ్చుయంత్రము పుట్టి నాలుగువందలేండ్లయినదని జరుపుకొను గూటెన్‌బర్గ్ ఉత్సవమునాడే, ఆయన దానిని లాంఛనముగా ప్రకటించెను. అచ్చుపుస్తకమునకు పండుగ జరుగుచుండిన దినముననే పుస్తకము లేని బడికి పేరు పెట్టుట విశేషము. పసిపిల్లలకు గురువులుగా ఉండదగినవారు స్త్రీలేయని నమ్మి, యువతులకు శిక్షణ నిచ్చెను. 1844లో తల్లులకొరకు పాటల పుస్తకము ప్రకటించెను.

నెరసిన తలతో గ్రామబాలురతో గంతులు వేయు ఆయనను లీబెన్‌స్టైన్ ప్రాంతపు పల్లెవాసులు పిచ్చివాడని పరిహసించెడివారు. 1849లో బెర్తా ఫోన్ మారెన్‌హోల్ట్స్-బ్యూలో అను ప్రభుకుటుంబ స్త్రీ ఆయనను కలిసికొని, శిష్యురాలైనది. 1850 ఆగస్టులో ఆల్టెన్‌స్టైన్ కోట ఉద్యానమున జరిగిన క్రీడోత్సవమునకు చుట్టుప్రక్కల గ్రామములనుండి సుమారు 300 మంది పిల్లలు వచ్చి ఆడిపాడిరి. ఆ వేసవి దినము ఆయన జీవితమున పంట చేతికివచ్చిన దినము.

సరిగా ఒక సంవత్సరము గడచునప్పటికి పిడుగు పడినది. 1851 ఆగస్టు 7వ తేదీన ప్రష్యా విద్యామంత్రి ఫోన్ రౌమర్ కిండర్‌గార్టెన్‌లను నిషేధించెను. అవి నాస్తికత్వమును, సామ్యవాదమును బోధించునని ఆరోపణ. అన్న కుమారుడైన కార్ల్ ఫ్రోబెల్ రచనను ఈయన సిద్ధాంతములతో కలిపివేయుటయే దానికి మూలము. దైవభక్తి ఊపిరిగా జీవించిన వృద్ధుడు పొరపాటును వివరించి, రాజునకు సైతము విన్నవించుకొనెను. ఫలితము లేకపోయెను. 1852 జూన్ 21వ తేదీన మరియెంటాల్‌లో, డెబ్బదియేండ్ల వయస్సున, తన తోటలకు వేసిన తాళములు తెరువబడకయే కన్నుమూసెను. ష్వైనా గ్రామమున ఆయన సమాధిపై ఘనము, స్తంభాకృతి, గోళము ఒకదానిపై నొకటి నిలిపిరి. పిల్లల బొమ్మలే గురువునకు స్మారకచిహ్నములైనవి.

నిషేధము 1860లో తొలగినది. అప్పటికే బెర్తా ఇంగ్లండు, ఫ్రాన్సు మున్నగు దేశములు తిరిగి ఆయన విధానమును వ్యాపింపజేసినది. 1856లో అమెరికాలోని వాటర్‌టౌనున మార్గరెట్ షుర్జ్ తన కుమార్తెతోపాటు ఇరుగుపొరుగు బిడ్డలను చేర్చుకొని జర్మను భాషలో చిన్న కిండర్‌గార్టెన్ నడపెను.

ఒక రాజ్యము నిషేధించిన పేరు నేడు మన వీథివీథిని బడిపలకలపై కనబడుచున్నది. కాని ఆ పలక క్రింద నాలుగేండ్ల బిడ్డ కదలక మెదలక కూర్చుండి, నూరుసార్లు ఒకే అక్షరము దిద్దుచున్నచో, అచట పేరు మాత్రమే ఉన్నది, తోట లేదు. ఆజ్ఞాపత్రముతో మూయించిన తోటలు తొమ్మిదేండ్లకు తెరచుకొన్నవి. తొందరపాటుతో మూయబడు తోటలను తెరువవలసినవారు తల్లిదండ్రులును, ఉపాధ్యాయులునే. దానికి కావలసిన ధనము స్వల్పము: ఒక బంతి, కొన్ని కొయ్యముక్కలు, ఒక చిన్న మడి, బిడ్డతో ఆడుటకు సిగ్గుపడని ఒక పెద్దమనస్సు.