ఎల్లారెడ్డి ఎన్నుకున్న టీచరమ్మ

2023 ఎన్నికల్లో కామారెడ్డి ఓటర్లు ఇచ్చిన తీర్పు మీకు గుర్తుండే ఉంటుంది. ఒకవైపు అప్పటి ముఖ్యమంత్రి, మరోవైపు ఆ వెంటనే ముఖ్యమంత్రి అయిన నాయకుడు. ఇద్దరినీ కాదని మూడో అభ్యర్థిని అసెంబ్లీకి పంపారు. అందరం వింతగా చెప్పుకున్నాం. కానీ పక్కనే ఉన్న ఎల్లారెడ్డి 1967లోనే ఇలాంటి పని చేసింది. అప్పుడు గెలిచినావిడ జె.ఈశ్వరీబాయి. గ్రూప్స్‌కి ప్రిపేరయ్యేవాళ్లు ఈ పేరును ఒక్క మార్కు బిట్‌గా చదివి వదిలేస్తుంటారు. ఈసారి కాస్త ఆగి ఆమె జీవితం చూడండి.

ఈశ్వరీబాయి 1918 డిసెంబరు 1న సికింద్రాబాద్‌లోని చిలకలగూడలో దళిత కుటుంబంలో పుట్టారు. నాన్న రైల్వే ఉద్యోగి. ఆడపిల్లల్ని బడికి పంపడమే అరుదైన రోజుల్లో ఆమె హైస్కూల్ చదువు చదివారు. పుణెలో ఉండే దంత వైద్యుడితో పెళ్లయింది కానీ ఆ కాపురం నిలవలేదు. కూతుర్ని తీసుకుని పుట్టింటికి వచ్చేశారు. మరి ఏం చేశారు? తనకు వచ్చిన చదువునే నమ్ముకున్నారు. టీచర్‌గా పనిచేశారు, ట్యూషన్లు చెప్పారు. తర్వాత కూతురి పేరు మీద గీతా విద్యాలయం అనే స్కూల్ కూడా పెట్టారు.

అంబేడ్కర్ ఆలోచనలు ఆమెను ప్రజా జీవితంలోకి తెచ్చాయి. 1950ల మొదట్లో చిలకలగూడ వార్డు నుంచి ఇండిపెండెంట్‌గా నిలబడి మున్సిపల్ కౌన్సిలర్ అయ్యారు. కౌన్సిలర్ అంటే నల్లా రాకపోయినా, మోరీ నిండినా జనం నేరుగా తలుపు తట్టే పదవి. ప్రజల కష్టం వినడం ఆమె అక్కడే నేర్చుకున్నారు. తర్వాత రిపబ్లికన్ పార్టీలో చేరి, రాష్ట్ర శాఖకు నాయకత్వం వహించారు.

ఇక 1967కి వద్దాం. అప్పట్లో ఎల్లారెడ్డి ఎస్సీ రిజర్వుడు సీటు. ఎదురుగా ఉన్నది టి.ఎన్.సదాలక్ష్మి. మంత్రిగా, అసెంబ్లీ డిప్యూటీ స్పీకర్‌గా పనిచేసిన పెద్ద నాయకురాలు, 1962లో అక్కడ గెలిచిన కాంగ్రెస్ ఎమ్మెల్యే. ఈశ్వరీబాయిది ఆ ఊరు కాదు, ఆమె పార్టీ కూడా చిన్నది. అయినా గెలిచారు. 1972లో రాష్ట్రంలోని 287 సీట్లలో కాంగ్రెస్ 219 గెలుచుకున్నప్పుడు కూడా ఎల్లారెడ్డి ఆమెనే మళ్లీ పంపింది. ఒకసారి గెలుపుకు గాలి చాలు. గాలి ఎదురుగా వీస్తున్నప్పుడు రెండోసారి గెలవాలంటే జనం నమ్మకం కావాలి.

అసెంబ్లీలో ఆమె గొంతు గట్టిది. 1968లో కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ని సజీవ దహనం చేస్తే, ఆ దారుణంపై సభలో ప్రభుత్వాన్ని నిలదీశారు. ఆ ఊరు ఆమె నియోజకవర్గంలో లేదు. అయినా తనకు ఓటేసినవాళ్ల బాధ, ఆ కుటుంబం బాధ వేరు కాదని ఆమెకు తెలుసు. 1969లో తెలంగాణ కోసం విద్యార్థులు రోడ్డెక్కితే ఆమె వాళ్లతో నిలబడ్డారు, జైలుకూ వెళ్లారు. 1991 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఈ కథ ఎందుకంటారా? నోటిఫికేషన్లు, ఫీజు రీయింబర్స్‌మెంట్, హాస్టల్ బిల్లులు... మీ జీవితాన్ని కదిపే వీటి గురించి సభలో అడగాల్సింది మీ ఎమ్మెల్యేనే. క్వశ్చన్ అవర్ ఉన్నది అందుకే. మీ ఇబ్బంది ఆయన చెవిన పడకపోతే సభలో ఏం అడుగుతారు? నచ్చని ఎమ్మెల్యేను మధ్యలో వెనక్కి పిలిచే హక్కు మన చట్టంలో లేదు. అంటే ఐదేళ్లపాటు ఆ బంధం తెగకుండా చూసుకునే బాధ్యత ఆయనతోపాటు మనదీ. కాబట్టి గ్రామసభ జరిగితే వెళ్లండి. సమస్యను కాగితం మీద రాసివ్వండి, ఏమైందో మళ్లీ వెళ్లి అడగండి.

ఇంకో మాట. 21 ఏళ్లు నిండితే సర్పంచ్‌గా, 25 నిండితే ఎమ్మెల్యేగా మీరే పోటీ చేయొచ్చు. ట్యూషన్లు చెప్పుకున్న ఒంటరి తల్లి మాజీ మంత్రిని ఓడించిన నేల ఇది. చదువయ్యాక ఏ కుర్చీలో కూర్చున్నా, మీ తలుపు తట్టిన మనిషి మాట ముందు వినండి.