పొగమంచులో వెనుదిరిగిన నావికుడు

పసిఫిక్ మహాసముద్రపు ఉత్తరపుటంచున ఒక సముద్రమున్నది. పడమట సైబీరియా, కమ్చట్కా తీరములు, తూర్పున అలాస్కా, దక్షిణమున అల్యూషియన్ దీవుల వరుస దానికి ప్రహరివలె నిలిచియున్నవి. ఇట్లు భూభాగములచేతను, దీవులచేతను సగము మూయబడిన వానిని ఉపాంత సముద్రములందురు. సుమారు 23 లక్షల చదరపు కిలోమీటర్ల ఈ జలరాశికి, వెనుదిరిగినందుకు నిందపడిన ఒక నావికుని పేరు నిలిచినది. ఆతడే విటస్ బేరింగ్.

బేరింగ్ 1681లో డెన్మార్కులోని హార్సెన్స్ అను రేవుపట్టణమున జన్మించెను. 1704లో రష్యా నౌకాదళమున చేరెను. ఆసియా, అమెరికా ఖండములు కలిసియున్నవో, వేరుగానున్నవో తెలిసికొనగోరిన పీటర్ చక్రవర్తి, తన మరణమునకు కొలదివారముల ముందు ఆ భారమును ఆతనిపై నుంచెను.

1725లో బయలుదేరిన దళము నౌకాసామగ్రిని సైబీరియా మీదుగా మోసికొనిపోయి, కమ్చట్కాలో ఓడను నిర్మించుకొనుటకు మూడేండ్లు పట్టెను. 1728 ఆగస్టులో ఆ ఓడ రెండు ఖండముల నడిమి జలసంధిని దాటినది. అచ్చట వెడల్పు సుమారు 85 కిలోమీటర్లు మాత్రమే. ఆకాశము నిర్మలముగానున్ననాడు ఒక తీరమునుండి రెండవది కనబడును. ఆనాడు పొగమంచు క్రమ్మియుండెను. ఉత్తరమున భూమి కానరాకుండుటచేత పని నెరవేరినదని బేరింగ్ తలచెను. సముద్రము గడ్డకట్టినచో సిబ్బంది ప్రాణములు దక్కవని యెంచి వెనుదిరిగెను. 1730లో రాజధానిని చేరగా, అమెరికాను చూడనివాని మాటకు ఋజువేమని విమర్శకులాక్షేపించిరి.

ఆతడు మరియొక యాత్రకు పూనుకొనెను. 1733లో ఆరంభమైన ఆ ప్రయత్నమున ఓడలు అమెరికా వైపు బయలుదేరుటకే ఎనిమిదేండ్లు గడచెను. 1741 జూన్‌లో రెండు ఓడలు సాగి, త్రోవలో విడిపోయినవి. జూలైలో అలాస్కా పర్వతశిఖరము కానవచ్చినపుడు సహచరులభినందించిరి. అరువదేండ్ల బేరింగ్ మాత్రము సంతసింపలేదు. తెలియని తీరము, చాలని ఆహారము, దూరమైన రేవు ఆతని మనసును కలచినవి.

ఆ భయమే నిజమైనది. తిరుగుప్రయాణమున స్కర్వీ వ్యాధి నావికులను పీడించెను. నవంబరులో ఓడ ఒక నిర్జనద్వీపమును చేరి, తుపానుచే ఒడ్డునకు కొట్టబడినది. ఇసుకగుంటలో పండుకొని, జారిపడిన ఇసుకను సైతము వెచ్చదనము కొరకు తీయనీయక, డిసెంబరులో బేరింగ్ కన్నుమూసెను. మిగిలిన 46 మంది పాడైన ఓడ కొయ్యలతో చిన్న నావను కట్టుకొని, 1742లో కమ్చట్కా చేరిరి.

1778లో ఆ జలసంధిని దాటిన జేమ్స్ కుక్, బేరింగ్ గుర్తించిన తీరరేఖలు సరియైనవని మెచ్చుకొనెను. నేడు ఆ జలసంధి, సముద్రము, ఆతడు మరణించిన దీవి, మూడును ఆతని పేరనే యున్నవి.

సమయమునకు వెనుదిరిగిన ఓడ శీతకాలమునకు ముందే రేవు చేరినది. కీర్తి కొరకు దూరమేగిన ఓడ చేరలేదు. బేరింగ్‌ను తూచువారు ఈ రెండు యాత్రలను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను.