హిమాలయాల్లో హామ్ రేడియో: ఫాదర్ మోరాన్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం గురించి వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. గాంధీ గారిని గురించీ, విశ్వేశ్వరయ్య గారిని గురించీ నాకంటే బాగా వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. తంతి తపాలా శాఖలో ఉద్యోగం చేసి, వైర్‌లెస్ పిచ్చి పట్టినవాణ్ణి కనుక నేను ఫాదర్ మార్షల్ మోరాన్ గారిని ఎంచుకున్నాను. సభ్యుల్లో కొందరికి ఈ పేరు కొత్త కావచ్చు. కాని 1960 తర్వాత ముప్ఫై ఏళ్ళపాటు హామ్ రేడియో పెట్టుకున్నవారిలో ఆయన పేరు విననివారు ప్రపంచంలో ఎక్కడా పెద్దగా ఉండరు.

హామ్ అంటే ప్రభుత్వ లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే సెట్టు పెట్టుకుని, పైసా లాభం ఆశించకుండా సాటి హాములతో మాట్లాడేవాడు. ఒక్కొక్కరికి ఒక కాల్ సైన్ ఉంటుంది. మన రాజీవ్ గాంధీ గారు హామే, జోర్డాన్ రాజు హుస్సేన్ గారూ హామే. గాలిలోకి వచ్చాక రాజు, పేద తేడా లేదు, అందరికీ కాల్ సైనే పేరు.

మోరాన్ గారు 1906లో అమెరికాలోని షికాగోలో జన్మించారు. జెస్యూట్ సంఘంలో చేరి 1929లో మన దేశానికి వచ్చారు. పాట్నాలో 1940లో సెయింట్ జేవియర్స్ హైస్కూలు పెట్టారు. నేపాల్‌లో ఉన్న కళాశాల ఆ రోజుల్లో పాట్నా విశ్వవిద్యాలయానికి అనుబంధం కావడంతో, 1949లో అక్కడి పరీక్షల పర్యవేక్షణకు ఆయనను పంపారు. అప్పటికి రాణాల పాలన సాగుతోంది, విదేశీయులకు ప్రవేశం అతి కష్టం. 1951లో ఆ పాలన అంతరించాక, నేపాల్ ప్రభుత్వం కోరిక మీద ఆయన అదే సంవత్సరం జులైలో పిల్లల బడి తెరిచారు. మత ప్రచారం జోలికి పోకుండా చదువు చెప్పడమే పని.

బడికి దొరికిన స్థలం ఒక పాత వేసవి రాజభవనం. ఆ ఊరి పేరు గోదావరి! ఇది చదివి మన రాజమండ్రి మిత్రులు తప్పక సంతోషిస్తారు. కఠ్మండుకు ఆగ్నేయంగా, ఫూల్‌చోకి కొండ పాదాన ఉన్న ఆ ఊరిలో ఒక పుణ్య ధార ఉంది. బృహస్పతి సింహరాశిలో ఉన్నప్పుడు పన్నెండేళ్ళకొకసారి అక్కడ మేళా జరుగుతుంది. మన గోదావరి పుష్కరాలకూ అదే లెక్క కదా. 2015లో ఇక్కడ పుష్కరాలు, అక్కడ మేళా, రెండూ జరిగాయి.

అప్పటి నేపాల్ ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. బయటి నుంచి కఠ్మండుకు మోటారు రోడ్డు లేదు. మన దేశం వేయించిన త్రిభువన్ రాజపథం 1956లో గాని పూర్తి కాలేదు. అంతకుముందు రాజుల కార్లను కూడా కూలీలు భుజాల మీద కొండ దాటించేవారు. 1953 మే 29న టెన్సింగ్, హిల్లరీ ఎవరెస్టు ఎక్కిన వార్త పంపడానికి లండన్ విలేకరి ఒక మనిషిని నామ్చే బజారుకు పరుగెత్తించవలసి వచ్చింది. అక్కడ మన భారత ప్రభుత్వం నడిపే వైర్‌లెస్ కేంద్రం ఉంది కనుక వార్త కఠ్మండు చేరి, జూన్ 2న రాణి పట్టాభిషేకం నాటికి లండన్‌లో తెలిసింది. మంచు పరిస్థితి బాగాలేదని పంపితే శిఖరం ఎక్కినట్టు అర్థమని ముందే సంకేతం పెట్టుకున్నారట. ఆ తంతి పంపిన మన ఆపరేటరుకు తను పంపుతున్నదేమిటో తెలియకపోయి ఉండవచ్చు. మన శాఖవారికి ఇది కొత్త సంగతేమీ కాదు.

అటువంటి దేశంలో 1960లో మోరాన్ గారు హామ్ సెట్టు పెట్టారు. కాల్ సైన్ 9ఎన్1ఎంఎం. చివరి రెండు అక్షరాలను ఆయన మిక్కీ మౌస్ అని విడదీసి చెప్పేవారు. గంభీరంగా ఉండవలసిన ఫాదర్ గారు ఇలా చెప్పడంతో విన్నవాళ్ళు మళ్ళీ మరిచిపోయేవారు కారు. చాలా ఏళ్ళపాటు నేపాల్ నుంచి క్రమం తప్పక వినిపించిన హామ్ గొంతు దాదాపు ఆయనది ఒక్కటే.

కొండల్లో రేడియోకు ఒక చిక్కుంది. పోలీసుల చేతి సెట్ల వంటివాటి తరంగాలు తిన్నగా పోతాయి, అడ్డంగా కొండ వస్తే అక్కడితో సరి. షార్ట్‌వేవ్ అలా కాదు. అది ఆకాశంలోని అయనావరణానికి తగిలి మళ్ళీ భూమికి దిగుతుంది. 20 మీటర్ల బ్యాండులో అయితే ఖండాలు దాటుతుంది. 40 లేదా 80 మీటర్ల బ్యాండులో ఏరియల్ తీగను తక్కువ ఎత్తులో కడితే తరంగం నిటారుగా పైకి పోయి చుట్టుపక్కల మూడు నాలుగు వందల కిలోమీటర్ల లోపే పడుతుంది. కొండ మీదుగా బంతి ఎగరేసి అవతలి లోయలో పడేసినట్టన్నమాట. ఒక బ్యాటరీ, కొంత తీగ, కట్టడానికి రెండు చెట్లు ఉంటే చాలు.

ఆ సెట్టుతో ఆయన చేసిన పనులు అనేకం. పర్వతారోహకులకూ వారి ఇళ్ళకూ మధ్య కబుర్లు అందించారు. ఆపద వస్తే సాయానికి కబురు పంపారు. టిబెట్ శరణార్థుల సహాయంలోనూ పాలుపంచుకున్నారు. వీటన్నిటికంటే నాకు గొప్పగా తోచేది ఆయన పాటించిన క్రమం. బడి పని చూసుకుంటూనే, ఏ ఆపదా లేని రోజున కూడా వచ్చి సెట్టు ముందు కూర్చునేవారు. అందువల్లనే ఆపద వచ్చిన రోజున, ఎక్కడ వెదికితే ఆయన దొరుకుతారో పదిమందికీ తెలిసి ఉండేది.

1980లలో నేను హైదరాబాదులో ఆయన గొంతు విన్నాను. మధ్య దూరం సుమారు 1,300 కిలోమీటర్లు. అప్పట్లో మాదాపూర్ వైపు బండరాళ్ళూ తుప్పలే. సెలవు రోజున బ్యాటరీ సెట్టుతో అక్కడికి పోతే గరగర లేకుండా ఎంత దూరానిదైనా వినబడేది. 1998 నవంబరులో అక్కడే వాజపేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. మన సభ్యుల పిల్లలు ఎందరో ఆ హైటెక్ సిటీలోనే ఉద్యోగాలు చేస్తున్నారు, చాలా సంతోషం. కాని అక్కడి అపార్టుమెంట్లలో ఎల్‌ఈడీ దీపాల, ఇన్వర్టర్ల రొదలో 20 మీటర్ల బ్యాండు వినడం గగనం. మేడ మీద తీగ కట్టుకోవడానికి అనుమతి అడగబోతే అదో పెద్ద రామాయణం.

మోరాన్ గారు 1992 ఏప్రిల్ 14న ఢిల్లీలో కన్నుమూశారు. చనిపోయిన హామును సైలెంట్ కీ అంటారు. మోర్స్ మీట మూగవోయిందని అర్థం. మన తంతివారు పెట్టిన మాటే అది.

సెల్‌ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకని మా అబ్బాయి అడుగుతాడు. కరెంటు పోయాక సెల్ టవరు బ్యాటరీ కొన్ని గంటలే ఆగుతుంది. 1983లో మన హైదరాబాదులో స్థాపించిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం 2004 డిసెంబరులో ప్రత్యేక అనుమతితో అండమాన్ వెళ్ళి హామ్ కేంద్రం నడుపుతోంది. వెళ్ళింది సరదాకే. 26వ తేదీన సునామీ వచ్చి టెలిఫోన్లు మూగబోతే, అప్పటికే నడుస్తున్న ఆ సెట్టు మీదనే ద్వీపవాసుల క్షేమ సమాచారాలు బయటికి వచ్చాయి. 2015 ఏప్రిల్ 25న నేపాల్ భూకంపంలో దాదాపు 9,000 మంది మరణించారు. ఫోన్లు అందక జనం అల్లాడుతున్నప్పుడు అక్కడి హాములు కబుర్లు అందించారు, మన దేశపు హాములు తోడు నిలిచారు. అయితే అంత కొండ దేశానికి ఆ హాములు చాలా కొద్దిమంది.

క్రమంగా సెట్టు ముందు కూర్చోవడానికి కావలసింది తీరిక. అది మన పింఛనుదారుల దగ్గర ఉన్నంతగా ఇంకెవరి దగ్గరా లేదు. హామ్ లైసెన్సు పరీక్షను టెలికాం శాఖ నిర్వహిస్తుంది. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కరలేదు. వయసు 12 ఏళ్ళు నిండి ఉండాలి, పైకి పరిమితి లేదు. మనవడూ తాతా కలిసి ఒకే రోజున పరీక్ష వ్రాయవచ్చును.