భీమవరం సుబ్బారావు గారు, మీ ఇంటి కుక్కపిల్ల



మీలో చాలామంది ఇళ్లలో ఇప్పుడు ఒక కుక్కపిల్లో, పిల్లికూనో ఉంది. ‘మై ఫ్యామిలీ’ అని బొమ్మ వేయమంటే పిల్లలు అమ్మానాన్నల పక్కన దాన్ని కూడా గీస్తున్నారు. అందుకే ఈ నెల మీకు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పాలనుకున్నాను. ఆయన పశువైద్యుడు కాదు. అయినా జబ్బు రాకముందే మందు వేసి కుక్కను కాపాడే పద్ధతి వెనుక ఆయన శ్రమ ఉంది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువుకునే వయసులోనే తండ్రి పోయారు. ఇల్లు గడవడం కష్టమైనా తల్లి వెంకమ్మ గారు కొడుకు చదువు మాత్రం ఆపలేదు. మార్కుల గురించి బెంగపడే మీకు ఒక మాట చెప్పాలి. ఆయన మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి పాసయ్యారు. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. కాబోయే మామగారు చదువుకు సాయం చేశారు. గాంధీ గారి పిలుపు విని ఆపరేషన్ థియేటర్‌లో కూడా ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ డిగ్రీ దక్కలేదు. అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆగని విరేచనాలు, రక్తం తగ్గిపోవడం దాని లక్షణాలు. అప్పట్లో దానికి సరైన మందు లేదు. మందు ఎందుకు లేదన్న ప్రశ్న ఆయన్ను వదల్లేదు. మద్రాసు ఆయుర్వేద కాలేజీలో కొంతకాలం పాఠాలు చెప్పి, భార్యను ఇక్కడే ఉంచి అమెరికాకు ఓడ ఎక్కారు. మళ్లీ స్వదేశానికి రాలేకపోయారు.

బోస్టన్‌లో పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆస్పత్రిలో చిన్న ఉద్యోగం. అక్కడ ఫిస్క్ గారితో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. కండరాలకు శక్తి ఎలా అందుతుందో చెప్పే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద కూడా పనిచేశారు. మీ పిల్లల బయాలజీ పుస్తకంలో ఏటీపీ అన్న మాట కనపడితే ఈ భీమవరం మనిషి గురించి కూడా చెప్పండి.

1940లో ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధనశాలకు వెళ్లారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది పనికొచ్చింది. అన్నదమ్ములను కాపాడుకోలేకపోయిన మనిషి, పాతికేళ్లకు పైగా గడిచాక ఆ జబ్బుకు మందు అందించారు. అమ్మలూ, గర్భంతో ఉన్నప్పుడు మీకు ఇచ్చిన ఐరన్ మాత్రలో ఉన్నది కూడా ఈ ఫోలిక్ యాసిడే.

ఇక కుక్కల సంగతికి వద్దాం. 1947లో ఆయన బృందం డీఈసీ అనే మందును ప్రకటించింది. బోదకాలు రాకుండా ప్రభుత్వం ఏటా కొన్ని జిల్లాల్లో పంచే మాత్ర ఇదే. బోదకాలుకు కారణం దోమ ద్వారా ఒంట్లోకి చేరే సన్నటి పురుగులు. అదే జాతి పురుగు ఒకటి దోమ కుట్టినప్పుడు కుక్క ఒంట్లో చేరి గుండె దగ్గర పెరుగుతుంది. ఆ మందును మొదట పరీక్షించిన జంతువుల్లో ఇలాంటి పురుగులు సహజంగా పట్టిన కుక్కలూ ఉన్నాయి. తర్వాత చాలా ఏళ్లపాటు కుక్కలకు గుండె పురుగు రాకుండా రోజూ ఇచ్చే మందుగా డీఈసీ వాడారు. ఇప్పుడు నెలకొకసారి ఇచ్చే మందులు వచ్చాయి.

ఇక్కడ మీరు గమనించాల్సిన విషయం ఒకటుంది. రక్తంలో అప్పటికే ఆ పురుగు పిల్లలున్న కుక్కకు డీఈసీ ఇస్తే అవి ఒక్కసారిగా చచ్చి, కుక్కకే ప్రాణం మీదకు రావచ్చు. అందుకే ముందు రక్తపరీక్ష, తర్వాతే మందు. జబ్బు రాకుండా కాపాడే మందే పరీక్ష చేయకుండా వేస్తే ప్రాణం తీయగలదు. ఇంట్లో మిగిలిన మాత్ర సగం విరిచి పెంపుడు జంతువుకు వేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. పిల్లికి పారాసిటమాల్ ఒక్క మాత్ర వేసినా చనిపోవచ్చని దయచేసి గుర్తుంచుకోండి.

ఆయన పరిశోధన విభాగంలోనే డగ్గర్ గారు ఆరియోమైసిన్ కనుక్కున్నారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అది. మన బత్తలపల్లె ఎండల్లో గోడల పగుళ్లలో, బండల సందుల్లో దాక్కునే పిడుదులు, అదే గోమార్లు, కుక్కలకు జ్వరం తెస్తాయి. తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం రావడం దాని గుర్తులు. ఇప్పుడు డాక్టర్లు ఆ జ్వరానికి ఇచ్చే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోదే.

సుబ్బారావు గారు 1948 ఆగస్టులో, యాభై మూడేళ్లకే గుండెపోటుతో కన్నుమూశారు. నోబెల్ రాలేదు, పెద్దగా పేరూ రాలేదు. 1995లో మన ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఈ నెల మీరు చేయగలిగినవి ఇవి:

కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పార్వో, డిస్టెంపర్ టీకా మొదలుపెట్టించండి. మూడు నెలలకు రేబీస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా బూస్టర్ వేయించండి. పిల్లికి కూడా రేబీస్ టీకా కావాలి.

నట్టల మందు మరచిపోకండి. గొర్రెలు కోసినప్పుడు పారేసే పచ్చి లివరు, ఊపిరితిత్తులు కుక్కకు పెట్టకండి. వాటిలోని తిత్తుల వల్ల కుక్కకు నట్టలు పట్టి, మన పిల్లలకూ ప్రమాదం రావచ్చు.

కుక్క కరిచినా, గీరినా గాయాన్ని సబ్బు, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పసుపు, కారం పెట్టి కాలం వృథా చేయకండి.

పశువైద్యశాలకు వెళ్లేటప్పుడు మీ పాపనో బాబునో వెంట తీసుకెళ్లండి. టీకా కార్డులో తేదీ వాళ్లతోనే రాయించండి. తనకంటే చిన్న ప్రాణి బాధ్యతను తీసుకోవడం కూడా చదువే. ఈసారి ప్రోగ్రెస్ కార్డు చూసి కోపం వస్తే, మూడోసారికి పాసైన భీమవరం కుర్రాడిని కూడా ఒక్కసారి తలచుకోండి.