క్రొవ్వొత్తి వెలుగులో స్పర్జన్

పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో చార్లెస్ హేడన్ స్పర్జన్ ఉపదేశము వినుటకు వేలకొలది జనులు కూడుచుండిరి. అంతటి వక్త తన శిష్యులకు బోధనలోని మెలకువ నేర్పుటకు ఎన్నుకొనిన సాధనము ఇంటింటను వెలుగు క్రొవ్వొత్తి.

స్పర్జన్ 1834 జూన్ 19వ తేదీన ఎసెక్సు మండలములోని కెల్వెడన్ గ్రామమున జన్మించెను. తండ్రియు, తాతయు క్రైస్తవ బోధకులు. బాల్యములో కొంతకాలము స్టాంబోర్నులో తాతగారి యింట పెరిగెను. జాన్ బన్యన్ రచించిన యాత్రికుని ప్రయాణము అతనికి ప్రాణప్రదమైన గ్రంథము. మోయలేని మూట, బురదగుంట, ఇరుకు ద్వారము మొదలగు వానితో కంటికి కానరాని ఆత్మస్థితిని చూపు నేర్పును అతడు అందు కనుగొనెను.

1850 జనవరిలో, పదునైదేండ్ల ప్రాయమున, మనశ్శాంతి లేక ప్రార్థనకై బయలుదేరిన ఆ బాలుడు మంచు తుపానులో చిక్కి, కాల్చెస్టరులోని ఒక చిన్న మందిరమున తలదాచుకొనెను. ఆనాడు బోధకుడు రాలేదు. పెద్దచదువు లేని సామాన్యు డొకడు లేచి, యెషయా గ్రంథవాక్యము నొకదానిని చేపట్టి, దేవునివైపు చూడుమని నాలుగు మాటలు చెప్పెను. ఆ మాటలే బాలుని జీవితమును మార్చెను. అల్పమని తోచుదాని నుండి గొప్ప వెలుగు రాగలదని అతడు అనుభవమున నేర్చిన పాఠమిది.

1851లో వాటర్‌బీచ్ గ్రామమునకును, 1854లో లండనునకును బోధకుడయ్యెను. కళాశాల చదువు లేకున్నను అతని కీర్తి నగరమంతట వ్యాపించెను. కాని 1856 అక్టోబరు 19న సర్రే గార్డెన్స్ సంగీతశాలలో, సభ క్రిక్కిరిసియుండగా, మంటలంటుకొన్నవని ఎవరో వృథాగా కేకవేసిరి. త్రొక్కిసలాటలో ఏడుగురు మరణించిరి. ఇరువది రెండేండ్ల ఆ యువకుడు దుఃఖమున క్రుంగిపోయెను. కొలదికాలమునకే మరల వేదిక నెక్కెనుగాని, ఆ గాయము పూర్తిగా మానలేదు. మనోవేదన అతనిని జీవితాంతము వెన్నాడెను.

అతడు స్థాపించిన బోధకుల విద్యాలయములో ఒకనాడు విద్యార్థులు, ఉపన్యాసములకు తగిన దృష్టాంతములు దొరకుట లేదని విన్నవించిరి. ఒక్క క్రొవ్వొత్తిలోనే కావలసినన్ని కలవని స్పర్జన్ బదులు చెప్పెను. వారది అతిశయోక్తి యని తలచిరి. అంతట అతడు తన మాట నిరూపించుటకై క్రొవ్వొత్తులను, లాంతరులను ఎదుట నుంచుకొని ప్రసంగించెను. ఆ ప్రసంగములే 1890లో గ్రంథరూపము దాల్చెను.

వెలిగింపని క్రొవ్వొత్తి ఎంత చక్కనిదైనను చీకటిని పోగొట్టదు. దైవప్రేరణ లేని పాండిత్యము అట్టిది. ఒక వత్తి వేరొక వత్తిని వెలిగించినందున తన వెలుగును కోల్పోదు; తెలిసినది పంచువానికిని కొరత లేదు. లాంతరు అద్దము మాసియున్నచో లోని దీపము వెలుపలికి అందదు. బోధించువాని నడవడియే ఆ అద్దము. ఇట్టివి ఆ వస్తువుల నుండి తీయదగిన పాఠములు. వీనిని గ్రహించుటకు గ్రంథాలయముతో పనిలేదు. ఇంటిలోని వస్తువును నిదానించి చూచు కన్ను చాలును.

1861లో వేలాదిమందికి చోటుగల మెట్రోపాలిటన్ టాబర్నకిల్ లండనున తెరువబడెను. 1867లో అతడు అనాథ బాలురకు ఆశ్రయమును స్థాపించెను. కీళ్లవాతము బాధించుచున్నను బోధనయు, రచనయు మానలేదు. 1892 జనవరి 31న ఫ్రాన్సులోని మెంటన్‌లో, ఏబదియేడేండ్ల వయసున కన్నుమూసెను.

క్రొవ్వొత్తి తాను కరగుచు వెలుగు నిచ్చును. ఈ పాఠమును స్పర్జన్ శిష్యులకు మాటలతో చెప్పినదానికంటె బ్రదుకుతో చెప్పినదే ఎక్కువ.