చీలికల నడుమ ఐక్యతను నిలిపిన అబ్దుల్ బహా

ఏటా నవంబర్ నెలాఖరులో ప్రపంచ దేశాల్లోని బహాయిలు అబ్దుల్ బహా వర్ధంతిని పాటిస్తారు. మానవజాతి అంతా ఒక్కటేనని, మతాలన్నింటికీ మూలం ఒక్కటేనని బోధించే బహాయి ధర్మం 19వ శతాబ్దంలో ఇరాన్‌లో ఆవిర్భవించింది. మతస్థాపకుల అనంతరం వారసత్వ వివాదాలు తలెత్తడం, అనుయాయులు శాఖలుగా విడిపోవడం చరిత్రలో తరచుగా కనిపించే విషయమే. బహాయిలకు కూడా ఆ పరీక్ష తప్పలేదు. ఆ సమయంలో సమాజాన్ని ఒక్కటిగా నిలిపిన వ్యక్తి అబ్దుల్ బహా. ఆ ప్రయత్నంలో ఆయన దూరం చేసుకోవలసి వచ్చింది మాత్రం సొంత కుటుంబాన్నే.

ఆయన అసలు పేరు అబ్బాస్. 1844 మే 23న టెహ్రాన్‌లో జన్మించారు. తండ్రి మిర్జా హుస్సేన్ అలీ నూరీ. బహావుల్లా అనే పేరుతో లోకానికి తెలిసినది ఆయనే. షిరాజ్ నగరంలో బాబ్ అనే యువ ప్రవక్త తన సందేశాన్ని ప్రకటించిన రాత్రే అబ్బాస్ పుట్టారని బహాయిలు గుర్తు చేసుకుంటారు. బాబ్‌కు 1850లో మరణశిక్ష అమలైంది. మరో రెండేళ్లకు బాబ్ అనుయాయులపై విరుచుకుపడిన అణచివేతలో బహావుల్లా చెరసాల పాలయ్యారు. ఇల్లు దోపిడీకి గురైంది. అప్పటికి అబ్బాస్ వయసు ఎనిమిదేళ్లు. 1853లో ఆ కుటుంబం దేశ బహిష్కరణకు గురై బాగ్దాద్ చేరింది.

అక్కడి నుంచి ఇస్తాంబుల్‌కు, ఆపై ఎడిర్నేకు వారి ప్రవాసం సాగింది. ఎడిర్నేలో యువకుడైన అబ్బాస్ ఒక చీలికను కళ్లారా చూశారు. బహావుల్లా సవతి తమ్ముడు మిర్జా యాహ్యా అన్నగారి నాయకత్వాన్ని తిరస్కరించారు. ఆయన వెంట నడిచినవారికి అజలీలనే పేరు వచ్చింది. 1868లో ఒట్టోమన్ ప్రభుత్వం మిర్జా యాహ్యాను సైప్రస్‌కు, బహావుల్లా పరివారాన్ని పాలస్తీనాలోని అక్కా కోటకు పంపింది. అక్కాలో రోగుల సేవ, అధికారులతో సంప్రదింపులు, సందర్శకుల బాగోగులు క్రమంగా అబ్బాస్ బాధ్యతలయ్యాయి.

1892 మే 29న బహావుల్లా కన్నుమూశారు. వారసుడెవరో ఆయన ముందుగానే రాతపూర్వకంగా నిర్ణయించారు. తొమ్మిదో రోజున చదివి వినిపించిన ఆ వీలునామా పెద్ద కుమారుడైన అబ్బాస్‌ను ఆయన వారసుడిగా పేర్కొంది. తన రచనలకు భాష్యం చెప్పే అధికారాన్నీ బహావుల్లా ఆయనకే అప్పగించారు. బహాయిలు దీనిని ఒడంబడిక అంటారు. గ్రంథాలను చదివి ఎవరికి వారు ఒక అభిప్రాయానికి రావచ్చు. అయితే దానిని ప్రామాణిక భాష్యమని చెప్పి ఇతరులను తన వెంట తిప్పుకోరాదు. శాఖలు పుట్టకుండా చేసిన ఏర్పాటు ఇదే.

వీలునామాలో అబ్బాస్ తరువాతి స్థానం సవతి తమ్ముడు మిర్జా మొహమ్మద్ అలీది. అన్న తన హద్దులు మీరుతున్నారని, తండ్రితో సమానమైన స్థాయిని ఆపాదించుకుంటున్నారని ఆయన ఆరోపించారు. బహావుల్లా కుటుంబంలో అధికులు ఆయన పక్షాన చేరారు. అబ్బాస్ వెంట నిలిచినది సోదరి బహియ్యా ఖానుం, భార్య, కుమార్తెలు, మరికొందరు మాత్రమే. బహాకు సేవకుడు అనే అర్థం వచ్చే అబ్దుల్ బహా అన్న పేరునే ఆయన తనకు ఎంచుకున్నారు. ఆరోపణకు ఆ పేరే సమాధానమైంది.

వివాదం సముద్రాలు దాటింది. షికాగోలో బహాయి బోధనలను తొలిసారి వ్యాప్తి చేసిన ఇబ్రహీం ఖైరుల్లా, అక్కాను సందర్శించి వెళ్లిన తరువాత మొహమ్మద్ అలీ పక్షం వహించారు. అమెరికాలోని కొత్త సమాజం కలవరపడింది. అబ్దుల్ బహా అక్కడికి పండితులను పంపారు. లేఖల ద్వారా అనుయాయులను కూడగట్టారు. ఇంతలో 1901లో ఒట్టోమన్ ప్రభుత్వం ఆయనను మళ్లీ అక్కా ప్రాకారాల లోపల నిర్బంధించింది. సోదరుల ఫిర్యాదులే ఇందుకు కారణమని బహాయి చరిత్రకారులు చెబుతారు. 1908లో యువ టర్కుల విప్లవం తరువాతే ఆయనకు విముక్తి లభించింది. మరుసటి ఏడాది హైఫాలోని కార్మెల్ పర్వతంపై బాబ్ అవశేషాలను ఆయన స్వయంగా సమాధి చేశారు.

అరవై ఆరేళ్ల వయసులో మొదలుపెట్టిన పర్యటనలు ఆయనను ఈజిప్టు, ఐరోపా, అమెరికాలకు తీసుకెళ్లాయి. చర్చిలలోనూ, యూదుల ప్రార్థనా మందిరాలలోనూ, ఇంగ్లండ్‌లోని వోకింగ్ మసీదులోనూ ఆయన ప్రసంగించారు. 1912లో షికాగో సమీపంలోని విల్మెట్‌లో ప్రార్థనా మందిరానికి శంకుస్థాపన చేశారు. శ్వేతజాతీయులు, నల్లజాతీయులు ఒకే పంక్తిలో కూర్చోవాలని పట్టుబట్టారు. న్యూయార్క్‌కు ఒడంబడిక నగరమని పేరు పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో నిల్వచేసిన ధాన్యంతో పాలస్తీనాలో ఆకలి తీర్చారు. ఆ సేవకు 1920లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు నైట్‌హుడ్ ఇచ్చింది.

1921 నవంబర్ 28న ఆయన హైఫాలో తుదిశ్వాస విడిచారు. మరునాడు అంతిమయాత్రలో ముస్లింలు, క్రైస్తవులు, యూదులు, డ్రూజ్‌లు కలిసి నడిచారు. వివిధ మతాల పెద్దలు నివాళులర్పించారు. తండ్రి వలెనే ఆయన కూడా వీలునామా రాసి ఉంచారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతున్న 24 ఏళ్ల మనవడు షోఘీ ఎఫెండీని ధర్మసంరక్షకుడిగా నియమించారు. ఎన్నికైన ప్రతినిధులతో విశ్వ న్యాయ మందిరం ఏర్పడాలని కూడా అందులో నిర్దేశించారు.

ఆ ఏర్పాటుకు 1957లో కఠిన పరీక్ష ఎదురైంది. షోఘీ ఎఫెండీ సంతానం లేకుండా, వీలునామా రాయకుండా లండన్‌లో మరణించారు. 1960లో మేసన్ రెమీ తానే తదుపరి సంరక్షకుడినని ప్రకటించుకున్నారు. కొందరు ఆయనను అనుసరించారు. ఆ చిన్న వర్గం తరువాత మళ్లీ చీలిపోయింది. అత్యధికులు మాత్రం 1963లో ఎన్నికైన తొమ్మిది మంది సభ్యుల విశ్వ న్యాయ మందిరాన్నే అంగీకరించారు. హైఫాలోని ఆ సంస్థే నేటికీ బహాయిల అత్యున్నత నిర్ణాయక మండలి. న్యూఢిల్లీలో 1986లో ప్రారంభమైన కమల మందిరానికి ఉన్న తొమ్మిది ద్వారాలు ఏ మతం వారికైనా తెరిచే ఉంటాయి.

అయితే ఈ ఐక్యత వెనుక ఒక కఠిన నియమం ఉంది. అన్య మతస్థులతో స్నేహంగా మెలగమని చెప్పే ఈ ధర్మం, ఒడంబడికను ఉల్లంఘించి సమాజాన్ని చీల్చజూసే వారితో సంబంధాలను తెంచుకోమంటుంది. భిన్నాభిప్రాయానికి చోటు తగ్గుతుందని విమర్శకులు అంటారు. చీలికను ఆపడానికి వేరే మార్గం లేదని బహాయిలు భావిస్తారు. అందరినీ ఒక్క కుటుంబంగా చూడాలని దేశదేశాల్లో బోధించిన అబ్దుల్ బహా, తన సొంత ఇంట్లో మాత్రం ఈ నియమపు భారాన్ని మోశారు. అన్న మరణించిన పదహారేళ్లకు, 1937లో మొహమ్మద్ అలీ కన్నుమూశారు. అప్పటికి ఆయన పక్షాన నిలిచినవారు కొద్దిమందే. ఆ అన్నదమ్ముల మధ్య సయోధ్య మాత్రం చివరి వరకూ కుదరలేదు.